మంద్రస్వర శిల్పి జాకో పాస్టోరియస్

వాద్య సంగీతంలో విద్వత్తుకు రెండు ముఖాలున్నాయి. ఒకటి హస్తలాఘవం, రెండవది రసపుష్టి. వేళ్ళు ఎంత వేగంగా కదిలితే శ్రోత అంతగా ఆశ్చర్యపోతాడు. కాని ఆశ్చర్యం వేరు, ఆనందం వేరు. ఆశ్చర్యం కచేరీతోనే ముగుస్తుంది. ఆనందం ఇంటిదాకా వెంట వస్తుంది. ఈ రెంటికీ గల భేదాన్ని తన విజయాలతోనూ, పతనంతోనూ లోకానికి తెలియజెప్పిన వాద్యకారుడు అమెరికా దేశస్థుడైన జాకో పాస్టోరియస్. ఆయన చేపట్టిన వాద్యం బాస్ గిటార్.

పాశ్చాత్య వాద్యబృందంలో మంద్రస్థాయి స్వరాలను పలికించేది బాస్. సాధారణమైన గిటారుకు ఆరు తీగలుంటే బాస్ గిటారుకు నాలుగే ఉంటాయి. అవి మరింత లావుగా, పొడవుగా ఉంటాయి. పూర్వం ఈ పనిని మనిషికంటె ఎత్తైన డబుల్ బాస్ అనే వాద్యం నిర్వహించేది. దానిని ఊరూరా మోసుకుపోవడం ప్రయాస. పైగా డ్రమ్ముల హోరులో దాని నాదం అణగిపోయేది. ఈ ఇబ్బందులను తొలగించడానికి లియో ఫెండర్ 1951లో మెట్లుగల విద్యుత్ బాస్ గిటారును విపణిలోకి తెచ్చాడు. పాటకు పునాది వేయడం, లయను నిలబెట్టడం దాని బాధ్యత. మేడను మెచ్చుకునేవారు పునాదిని తలచుకోనట్లే శ్రోతలు బాస్ వాద్యకారుణ్ణి అంతగా పట్టించుకునేవారు కారు. అతడు లేని లోటు మాత్రం తక్షణమే తెలిసేది.

ఆ వాద్యం వెలువడిన 1951లోనే, డిసెంబరు 1వ తేదీన, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని నోరిస్‌టౌన్‌లో జాకో జన్మించాడు. ఆయన పూర్తి పేరు జాన్ ఫ్రాన్సిస్ ఆంథొనీ పాస్టోరియస్. తండ్రి డ్రమ్ములు వాయిస్తూ పాటలు పాడే కళాకారుడు. జాకో బాల్యంలోనే కుటుంబం ఫ్లోరిడా రాష్ట్రానికి తరలిపోయి ఓక్‌లాండ్ పార్క్ అనే పట్టణంలో స్థిరపడింది. సముద్రతీరపు ఆ ప్రాంతంలో క్యూబా సంగీతం, కరీబియన్ దీవుల ఉక్కు వాద్యాల నాదం, నల్లజాతీయుల లయప్రధానమైన గీతాలు, జాజ్ అన్నీ కలగలిసి వినిపించేవి. ఆ బాలుడు వాటిలో ఎక్కువ తక్కువలు ఎంచలేదు. చెవిన పడిన ప్రతి సంగీతమూ అతనికి పాఠమే అయింది.

తండ్రి బాటలో జాకో మొదట డ్రమ్ములు నేర్చుకున్నాడు. పదమూడేళ్ళ వయసులో ఫుట్‌బాల్ ఆడుతుండగా మణికట్టుకు బలమైన గాయం తగిలింది. డ్రమ్ములు వాయించడం కష్టమైంది. కొంతకాలానికి అతడున్న స్థానిక బృందంలో బాస్ వాద్యకారుడి స్థానం ఖాళీ కాగా, జాకో ఆ వాద్యాన్ని చేపట్టాడు. గాయం ఒక ద్వారం మూసి మరొక ద్వారం తెరిచింది. డ్రమ్ముల అభ్యాసమూ వృథా పోలేదు. లయజ్ఞానం అప్పటికే అతని రక్తంలో జీర్ణించుకొని ఉన్నందువల్ల ఆ తరువాత ఎంత వేగంగా వాయించినా తాళం చెదరలేదు.

జాజ్ వాయించాలనే కోరికతో కూడబెట్టిన డబ్బుతో జాకో ఒక డబుల్ బాస్ కొన్నాడు. ఫ్లోరిడా గాలిలోని తేమకు ఆ చెక్క వాద్యం పగిలిపోయింది. ఆ నాదంపై మాత్రం మక్కువ పోలేదు. అందువల్ల ఆయన మెట్లు లేని 1962 నాటి ఫెండర్ జాజ్ బాస్‌ను తన ప్రధాన వాద్యంగా చేసుకున్నాడు. తీగల రాపిడికి పలక అరిగిపోకుండా పడవలకు వాడే ఎపాక్సీ పూతను దానికి పూశాడు. ఆ నున్నని గట్టి పూత వల్ల స్వరం గానం చేస్తున్నట్లు దీర్ఘంగా నిలిచేది.

మెట్లు లేకపోవడం వల్ల కలిగే లాభనష్టాలను మన సంగీతంతో పరిచయమున్నవారు సులభంగా గ్రహించగలరు. వీణకు మెట్లుంటాయి, వయొలిన్‌కు ఉండవు. మెట్టు ఉన్నచోట స్వరస్థానం ముందే నిర్ణయమై ఉంటుంది. మెట్టు లేనిచోట వేలు ఒక స్వరం నుండి మరొక స్వరానికి జారుతూ పోవచ్చు. మనిషి గొంతులోని ఆర్ద్రతను పలికించవచ్చు. కాని వేలు వెంట్రుకవాసి పక్కకు జరిగినా అపశ్రుతి బయటపడుతుంది. మెట్లు లేని బాస్ గిటారును జాకోకు ముందు కూడా కొందరు వాయించారు. అయితే అంతటి శ్రుతిశుద్ధితో, అంతటి వేగంతో దానిని పాడించి, దానికొక ప్రత్యేక స్వరూపాన్ని కల్పించిన ఘనత జాకోదే.

1972లో ఆయన వేన్ కోక్రన్ అనే గాయకుని బృందంలో చేరి ఊరూరా తిరిగాడు. ప్రతిరాత్రీ గంటల తరబడి వాయించవలసిన ఆ ఉద్యోగం గొప్ప సాధన అయింది. బృందంలోని వివిధ వాద్యాలకు స్వరరచన చేయడం కూడా అక్కడే అలవడింది. తరువాత మయామి విశ్వవిద్యాలయంలో కొంతకాలం బాస్ బోధించాడు. అక్కడ పరిచయమైన యువ గిటారిస్టు పాట్ మెథీనీతో కలిసి వాయించిన బ్రైట్ సైజ్ లైఫ్ అనే ఆల్బమ్ 1976లో వెలువడింది.

అదే సంవత్సరంలో తన పేరుతోనే వెలువడిన తొలి ఆల్బమ్ జాకోను ఒక్కసారిగా ప్రసిద్ధుణ్ణి చేసింది. అందులోని మొదటి అంశం డోనా లీ. ఇది 1947లో చార్లీ పార్కర్ బృందం రికార్డు చేసిన జాజ్ రచన. సాక్సఫోన్, ట్రంపెట్ వంటి ఊదే వాద్యాల కోసం పుట్టిన, మెలికలు తిరిగే వేగవంతమైన బాణీ. దానిని జాకో బాస్ గిటారుపై వాయించాడు. తోడుగా ఉన్నవి డాన్ అలియాస్ వాయించిన కాంగా డ్రమ్ములు మాత్రమే. పియానో లేదు, మరొక గిటార్ లేదు. అయినా ఆ స్వరసంచారం వెనుక ఉండవలసిన స్వరసమ్మేళనాలన్నీ శ్రోతకు స్ఫురిస్తాయి. ఇక్కడ వేగం ఉంది, కాని వేగం కోసం వేగం లేదు. గాయకుడు ఊపిరి తీసుకునే చోట జాకో కూడా విరామమిస్తాడు. ప్రతి పలుకుకూ ఆది, అంతం ఉన్నాయి. మూల రచనలోని నడక ఎంత వేగాన్ని కోరిందో అంత వేగాన్నే ఆయన ప్రయోగించాడు.

ఆ ఆల్బమ్‌లోనే పోర్ట్రెయిట్ ఆఫ్ ట్రేసీ అనే మరొక అంశం ఉంది. భార్య పేరిట ఆయన కూర్చిన ఈ రచనలో వినిపించేది ఒంటరి బాస్ గిటారే. తీగను నొక్కిపట్టకుండా సగభాగం వద్ద మెల్లగా తాకి మీటితే రెట్టింపు పౌనఃపున్యం గల స్వరం వస్తుంది. మూడవ వంతు వద్ద తాకితే మూడు రెట్ల పౌనఃపున్యం గల స్వరం పలుకుతుంది. భౌతికశాస్త్రంలో అనుస్వరాలని చెప్పుకునేవి ఇవే. చిరుగంటల వంటి ఈ స్వరాలను, మంద్రస్వరాలతో జోడించి, జాకో ఒక సుకుమారమైన గీతాన్ని రచించాడు. దీనిని వాయించడానికి వేళ్ళు ఎంతో దూరం చాచవలసి ఉంటుంది. స్పర్శ అతి సున్నితంగా ఉండాలి. కాని వినేవారికి ఆ శ్రమ ఏమాత్రం తెలియదు. ఒక ప్రేమగీతం విన్నామనే తృప్తి మాత్రమే కలుగుతుంది. సాంకేతిక ప్రతిభ తనను తాను దాచుకొని భావాన్ని ముందు నిలిపితే ఎలా ఉంటుందో చెప్పడానికి దీనికి మించిన నిదర్శనం అరుదు.

1976లోనే ఆయన జో జావినుల్, వేన్ షార్టర్‌ల నాయకత్వంలోని వెదర్ రిపోర్ట్ బృందంలో చేరాడు. 1977లో వెలువడిన హెవీ వెదర్ వారికి విశేషమైన ఆదరణ తెచ్చింది. అందులోని బర్డ్‌లాండ్ ప్రారంభంలో అనుస్వరాలతో బాణీని పలికించినదీ, టీన్ టౌన్‌ను స్వయంగా రచించి బాస్‌తో నడిపించినదీ జాకోయే. పునాదిగా ఉన్న వాద్యం శిఖరంపై కూడా నిలువగలదని ఆయన నిరూపించాడు.

అయితే జాకో గొప్పతనం స్వరాల సంఖ్యలో లేదని తెలుసుకోవాలంటే జోనీ మిచెల్ పాటలు వినాలి. 1976లో వచ్చిన ఆమె హెజీరా ఆల్బమ్‌లోని నాలుగు పాటలకు జాకో బాస్ వాయించాడు. ఆ పాటల్లో మాటకే ప్రాధాన్యం. గాయని పలికేటప్పుడు ఆయన తీగ ఒదిగి ఉంటుంది. ఆమె పాదం ముగిసిన చోట మెల్లగా జారి ఒక నిట్టూర్పులా ప్రతిస్పందిస్తుంది. డోనా లీని అవలీలగా వాయించిన చేతులు ఇక్కడ మౌనాన్ని పాటించాయి. శక్తి ఉండి కూడా సంయమనం చూపడం కళాకారునికి కఠిన పరీక్ష. ఆ పరీక్షలో జాకో ఉత్తీర్ణుడయ్యాడు.

వేదికపై ఆయన ప్రదర్శన మరొక తీరున ఉండేది. తన కంటె గొప్ప బాస్ వాద్యకారుడు ప్రపంచంలో లేడని స్వయంగా చాటుకునేవాడు. ఒక స్వరఖండికను యంత్రం చేత పదేపదే పలికింపజేసి, దానిపై తాను మరొక స్వరఖండికను అల్లేవాడు. 1979లో వెలువడిన వెదర్ రిపోర్ట్ కచేరీ ఆల్బమ్ 8:30లోని స్లాంగ్ దీనికి ఉదాహరణ. ఈ అల్లికలో సంగీతం ఉంది. కాని క్రమంగా దానికి విన్యాసాలు తోడయ్యాయి. యాంప్లిఫైయర్ శబ్దం చెవులు చిల్లులు పడేలా పెంచడం, వాద్యాన్ని నేలపై పడవేసి పట్టీతో కొట్టడం, దానిపై నుండి దూకడం వంటివి సాధారణమయ్యాయి. వేలాది ప్రేక్షకులు కేరింతలు కొట్టారు. ఆ కేరింతలు స్వరానికా, గారడీకా అనే ప్రశ్న మాత్రం మిగిలిపోయింది.

1981లో తన సొంత బృందంతో వర్డ్ ఆఫ్ మౌత్ అనే ఆల్బమ్‌ను రూపొందించాడు. ఉక్కు వాద్యాలు, ఊదే వాద్యాలు, బృందగానం కలగలిసిన ఆ కృతులలో బాస్ గిటార్ మళ్ళీ తన స్థానాన్ని ఎరిగి ప్రవర్తించింది. బాహ్‌ వంటి ప్రాచీన స్వరకర్త రచనకు కూడా ఆయన అందులో స్థానమిచ్చాడు. 1982 నాటికి ఆయన వెదర్ రిపోర్ట్‌ను వీడాడు.

అప్పటికే ఆయన ఆరోగ్యం దెబ్బతింటున్నది. అమితోత్సాహం, తీవ్ర విషాదం ఒకదాని తరువాత ఒకటి మనసును కుదిపివేసే బైపోలార్ వ్యాధి ఆయనకు సోకినట్లు వైద్యులు నిర్ధారించారు. మద్యం, మాదకద్రవ్యాలు ఆ వ్యాధిని మరింత తీవ్రం చేశాయి. చిత్రమైన ప్రవర్తనను కళాకారుని చమత్కారంగా భావించి నవ్వుకున్నవారు దాని వెనుక ఉన్న వేదనను గుర్తించలేకపోయారు. అవకాశాలు తగ్గాయి, కుటుంబం దూరమైంది. ఒకనాడు మహాసభలను ఉర్రూతలూగించిన కళాకారుడు న్యూయార్క్ ఉద్యానవనాలలో నిద్రించే దుస్థితికి చేరుకున్నాడు. 1986లో ఆయన ప్రాణప్రదంగా చూసుకున్న బాస్ గిటార్ కూడా అక్కడే చోరీకి గురైంది.

ఆ చీకటి రోజులలో సైతం ఒక దీపం వెలిగింది. 1985లో బాస్ విద్యార్థుల కోసం ఒక బోధనా వీడియోలో ఆయన కనిపించాడు. తాను చిన్ననాట అభిమానించిన బాస్ వాద్యకారుడు జెర్రీ జెమాట్ ఎదుట కూర్చొని స్వరశ్రేణులు, స్వరసమ్మేళనాలు, వేళ్ళ అభ్యాసాలు వివరించాడు. గారడీ విద్యలు నేర్చుకోవాలని చూసినవారికి అందులో లభించినవి ప్రాథమిక పాఠాలే. ఆయన వేగానికి మూలం ఆ నిత్యసాధనే.

1987 సెప్టెంబరులో ఫ్లోరిడాలోని ఒక రాత్రి క్లబ్బు వద్ద జరిగిన ఘర్షణలో, అక్కడి ఉద్యోగి కొట్టిన దెబ్బలకు జాకో స్పృహ కోల్పోయాడు. అదే నెల 21న, ముప్పై అయిదేళ్ళ వయసులో, ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఆ మరుసటి సంవత్సరం డౌన్‌బీట్ పత్రిక ఆయనను తన కీర్తిమందిరంలో చేర్చి గౌరవించింది. ఆయన పెరిగిన ఓక్‌లాండ్ పార్క్‌లో ఒక ఉద్యానవనానికి ఆయన పేరు పెట్టారు. పోయిన వాద్యం సుమారు రెండు దశాబ్దాల తరువాత బయటపడింది. దానిని తిరిగి దక్కించుకోవడంలో మరొక బాస్ వాద్యకారుడు రాబర్ట్ ట్రుజిలో కుటుంబానికి తోడ్పడ్డాడు.

జాకో అనంతరం బాస్ గిటార్ స్వరూపమే మారిపోయింది. ఎందరో మెట్లు లేని వాద్యాన్ని చేపట్టారు. డోనా లీని కంఠస్థం చేశారు. ఆయనకంటె వేగంగా వాయించేవారు కూడా వచ్చారు. వేగం కొలతకు లొంగేది కనుక దానిని అధిగమించడం సాధ్యమే. నేలపై వాద్యాన్ని కొట్టిన విన్యాసాన్ని అనుకరించడం మరింత సులభం. కాని జోనీ మిచెల్ పాట వెనుక ఆయన పాటించిన మౌనాన్ని, ట్రేసీ గీతంలో శ్రమను దాచిన సౌకుమార్యాన్ని అందుకోవడం కష్టసాధ్యం. ఆనాటి కేరింతలు ఆ సభలతోనే అణగిపోయాయి. నాలుగు తీగలపై ఆయన పలికించిన ఆ మృదువైన గీతాన్ని బాస్ విద్యార్థులు నేటికీ ఒంటరిగా కూర్చొని, ఒక్కొక్క స్వరాన్నే వెదుక్కుంటూ నేర్చుకుంటున్నారు.