ఊరిపెద్ద ఇంటిపేరు, తెలుగు అచ్చు

మన ప్యాపిలి వైపు ‘కరణం’ అన్న ఇంటిపేరు వినే ఉంటారు. 1984లో కరణాల పదవులు రద్దయ్యాయి, ఇంటిపేరు మాత్రం మిగిలింది. జర్మనీలోనూ అంతే. ఊరి శిస్తులు వసూలు చేసే పెద్దను ‘షుల్ట్‌హైస్’ అనేవారు. అదే అరిగి ‘షుల్జ్’ అయింది.

ఆ ఇంటిపేరుతో 1689లో పుట్టిన బెంజమిన్ షుల్జ్ లూథరన్ గురువుగా 1719లో తరంగంబాడి చేరారు. మద్రాసులో తెలుగు సాధన చేసి నూతన నిబంధనను తెనిగించారు. అది అచ్చుకు నోచుకోలేదు. 1743లో స్వదేశం వెళ్లిపోయినా ఆయన తెలుగును విడువలేదు. 1746లో హాలే పట్టణంలో చిన్న పుస్తకాలు అచ్చువేయించారు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలు అవే. 1760లో అక్కడే కన్నుమూశారు.

ఆయన మన సభవారు కారు. అయినా మీరు చదివే ఈ తెలుగు అచ్చుకు ఆయనకు బాకీపడ్డాం. వసూలు చేసే ఇంటిపేరుగల మనిషి ఇచ్చి వెళ్లారు. ఇంటిపేరుతోపాటు మీ పిల్లలకు మీరేమిచ్చి వెళతారు?