అట్ట మీద సంతకం: వపా

పాత చందమామ అట్ట మీద బొమ్మ మూలన కనిపించే 'వపా' గుర్తుందా? ఆ సంతకం వడ్డాది పాపయ్య గారిది. ఆయన 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. తండ్రి రామ్మూర్తి గారే డ్రాయింగు మాస్టారు కనుక తొలి పాఠాలు ఇంట్లోనే సాగాయి. రవివర్మ బొమ్మలు ఆయన్ని చిన్నప్పుడే పట్టేశాయి. తరవాత తనూ డ్రాయింగు మాస్టారయ్యారు.

ఆయనకు పేరు తెచ్చినవి చందమామ, యువ పత్రికల అట్టలు. అట్ట బొమ్మ వేయడం తేలిక కాదు. కథంతా చెప్పే చోటు ఉండదు, ఒక్క క్షణమే ఎంచుకోవాలి. ఆ మనిషి భీముడో హనుమంతుడో చదవడం రాని పిల్లాడికి కూడా తెలిసిపోవాలి. వపా నిలువులోనే మనిషి గుణం చూపించేవారు. నగలు, బట్టలు ఆ తరవాత. నీటిరంగులతోనే అంత గాఢత ఎలా తెచ్చారో! యువ కోసం వేసిన రాగిణులు, కావ్యనాయికలు మరో లోకం. నా మట్టుకు ఆయన అసలు పనితనం అక్కడే ఉంది.

చందమామ చాలా భాషల్లో వచ్చింది, బొమ్మలు మాత్రం అన్నిటికీ అవే. ఇక్కడ మన పక్కింటి తమిళులో గుజరాతీలో ఆ అట్టల్ని గుర్తుపడతారు. వేసింది తెలుగాయన అని వాళ్లకు తెలియదు. మన పిల్లల్లోనూ చాలామందికి తెలియదు.

1992 డిసెంబరు 30న ఆయన కన్నుమూశారు. ఈసారి ఊరెళ్లినప్పుడు అటక మీది పాత పుస్తకాలు తూకానికి వేసేముందు అట్టల మూలలు ఒకసారి చూడండి.