నోబుల్ దొరగారి దినచర్య

ఈ మధ్య మా దగ్గరకు వచ్చే ప్రార్థన మనవులలో జబ్బుల కన్నా, అప్పుల కన్నా ఎక్కువగా కనబడుతున్న మాట ఒకటుంది: నెమ్మది లేదు. గుడివాడ వైపు చేపల చెరువుల మీద రాత్రంతా ఏరేటర్లు కనిపెట్టుకుని కూర్చునే రైతు ఆ మాటే అంటాడు. బందరులో గది తీసుకుని ఉద్యోగ పరీక్షలకు చదువుకునే బిడ్డ ఆ మాటే అంటుంది. దివిసీమ సంఘాల్లో పనిచేసే పాస్టర్లు కూడా అంటున్నారు, కాస్త గొంతు తగ్గించి. వీరందరికీ ఒక మనిషి జీవితాన్ని గుర్తు చేయాలని ఈ వారం అనుకున్నాము. ఆయన పేరు బందరులో రోజూ ఎవరో ఒకరి నోట పలుకుతూనే ఉంటుంది, కాలేజీ పేరుగా.

రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ 1809లో ఇంగ్లండులోని లెస్టర్‌షైర్‌లో ఒక పాదిరిగారి ఇంట పుట్టాడు. కేంబ్రిడ్జిలో సిడ్నీ ససెక్స్ కాలేజీలో చదివాడు. ఒళ్లు అంత గట్టిది కాదు. 1841లో చర్చి మిషనరీ సొసైటీ పక్షాన హెన్రీ ఫాక్స్ అనే యువకుడితో కలిసి తెలుగు దేశానికి ఓడ ఎక్కాడు. ఆ మిషను తెలుగు పనికి ఆ ఇద్దరే పునాది.

ఇద్దరి స్వభావాలూ వేరు. ఫాక్స్ ఊరూరా తిరిగి, సంతల్లో తిరునాళ్లలో నిలబడి బోధించేవాడు. 1845లో భార్యను పోగొట్టుకున్నాడు, 1848లో ముప్పై ఒకటో ఏట తానూ ఇంగ్లండులో కన్నుమూశాడు. నోబుల్ తిరిగే మనిషి కాడు. ఒక చోట కూర్చుని ఒక పని చేసే మనిషి. వచ్చిన వెంటనే పని మొదలుపెట్టకుండా, సుమారు రెండేళ్లు తెలుగు నేర్చుకుంటూ గడిపాడు. ఆ తరువాత 1843లో బందరులో ఇంగ్లీషు బడి తెరిచాడు. అప్పటి నుంచి చనిపోయే దాకా, ఇరవై రెండేళ్లు, ఆయన పని అదే బడి.

ఇంతకీ ఆయన రోజు ఎలా నడిచేది? చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. ప్రార్థన, వాక్యం, బడి, పాఠాలు, మళ్లీ ప్రార్థన. బడిలో ప్రతి విద్యార్థికీ ప్రతిరోజూ బైబిలు పాఠం ఉండాల్సిందే. దాన్ని దాచి పిల్లలను చేర్చుకున్నది లేదు, తల్లిదండ్రులకు భయపడి తగ్గించిందీ లేదు. పెళ్లి చేసుకోలేదు. ఇంటి ఖర్చు, వేషం, భోజనం అన్నీ సాదా. వచ్చిన ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా సెలవు పెట్టి ఇంగ్లండు వెళ్లలేదు. ఆ ఒక్క విషయంలో మాత్రం అందరూ ఆయనను అనుసరించాలని మేము అనము. సెలవు దేవుడు పెట్టినదే, సబ్బాతు ఆయన ఏర్పాటే.

మనకు ఇక్కడ పనికొచ్చేది వేరే ఉంది. బడి తెరిచిన తరువాత తొమ్మిదేళ్ల పాటు ఒక్కరు కూడా బాప్తిస్మం పొందలేదు. తొమ్మిదేళ్లు! ఈ రోజు ఒక సువార్తికుణ్ణి పంపితే ఆరు నెలలకే ఎంతమంది వచ్చారని లెక్క అడుగుతాము. పరీక్ష రెండోసారి పోతే పిల్ల చదువు మానిపిస్తాము. నోబుల్ ఆ తొమ్మిదేళ్లూ ఉదయం అదే వేళకు అదే గదిలోకి వెళ్లి అదే పాఠం చెప్పాడు. ఫలితం ఆయన చేతిలో లేదు, వేళ ఆయన చేతిలో ఉంది. చేతిలో ఉన్నదాన్ని వదలలేదు, లేనిదాన్ని పట్టుకుని పెనుగులాడలేదు. నెమ్మది లేదని వచ్చేవారికి మేము మొదట అడిగే ప్రశ్న కూడా ఇదే: నీ రోజులో ఎవరొచ్చినా, ఫోను మోగినా కదలని వేళ ఒక్కటైనా ఉందా? పావుగంట అయినా సరే. తెల్లవారుజామున లేవలేని చెరువు రైతుకు అది మధ్యాహ్నం భోజనం తరువాత కావచ్చు. ఏ వేళ అన్నది ముఖ్యం కాదు. రేపు కూడా అదే వేళ కావడం ముఖ్యం.

1852లో మంచాల రత్నం, ఐనాల భూషణం అనే ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం కోరి ఆయన ఇంటికి వచ్చేశారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు వెలమ. బందరు అట్టుడికిపోయింది. జనం ఇంటి మీదికి వచ్చారు. తల్లిదండ్రులు పిల్లలను మానిపించారు, బడి దాదాపు ఖాళీ అయింది. తొమ్మిదేళ్ల కష్టం ఒక్క వారంలో పోయినట్టే కనబడింది. నోబుల్ ఆ ఇద్దరినీ తన దగ్గరే ఉంచుకుని, మిగిలిన కొద్దిమందికి మళ్లీ పాఠం మొదలుపెట్టాడు. కాలక్రమాన పిల్లలు తిరిగి వచ్చారు. ఆ ఇద్దరు యువకులూ 1864లో గురువులుగా అభిషేకం పొందారు. అదే బడిలో చదివి రక్షణ పొందిన జానీ అలీ అనే ముస్లిం యువకుడు కేంబ్రిడ్జి దాకా వెళ్లి చదివి, మన దేశంలో ముస్లింల మధ్య సేవ చేశాడు.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. నోబుల్ బడిలో మాల మాదిగ పిల్లలకు చోటు లేదు. పైకులాల వారు ముందు మారితే సువార్త వారి ద్వారా అందరికీ దిగి వస్తుందని ఆయన నమ్మాడు. ఆ నమ్మకాన్ని కూడా మిగతా అన్నింటిలాగే పట్టుదలగా నిలుపుకున్నాడు. ఈ పత్రిక చదివే సంఘాల్లో చాలామంది తాతముత్తాతలు ఆ గడప తొక్కడానికి వీలులేని వారే. దేవుడు ఆయన లెక్క ప్రకారం నడవలేదు. 1859లో రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే మాల కులస్తుడు, ఒకప్పుడు దోపిడీలతో పేరు మోసినవాడు, డార్లింగ్ దొరగారి చేత బాప్తిస్మం పొందాడు. కృష్ణా జిల్లా పల్లెల్లో సంఘాలు గుంపులుగా లేచింది అటువంటి వారి వల్లనే, బందరు బడి గదుల నుంచి కాదు. క్రమం మంచిదే. కాని క్రమానికి కళ్లుండవు. పాతికేళ్లుగా ఒకే వేళకు ఒకే విధంగా ఆరాధన జరుపుతున్న సంఘం, గుమ్మం బయట ఎవరు నిలబడి ఉన్నారో అప్పుడప్పుడూ తలెత్తి చూడకపోతే ఆ క్రమమే గోడ అవుతుంది. ఈ మాట మన సంఘ పెద్దలకు చేదుగా ఉండవచ్చు. అయినా చెప్పక తప్పదు.

1864 నవంబర్ 1 రాత్రి బందరు మీదికి ఉప్పెన వచ్చింది. సముద్రం పట్టణాన్ని దాటి మైళ్ల కొద్దీ లోపలికి పోయింది. ముప్పై వేల మంది దాకా చనిపోయారు. 1977 నవంబర్ 19 చూసిన దివిసీమ వారికి అది ఎటువంటి తెల్లవారో ఎవరూ వివరించనక్కరలేదు. గ్రామాలు లేచిపోయిన తరువాత వంట ఎలా మొదలవుతుందో, బడి గంట ఎవరు ముందు కొడతారో, ఆరాధనకు చాప ఎక్కడ పరుస్తారో వారికి తెలుసు. అటువంటి రోజుల్లో మనిషిని లేపి నిలబెట్టేది పెద్ద ధైర్యమేమీ కాదు, నిన్నటిదాకా ఆ వేళకు చేసిన చిన్న పని.

తుఫాను తరువాత ఏడాది తిరగక ముందే, 1865 అక్టోబర్ 17న నోబుల్ బందరులోనే ప్రభువునందు నిద్రించాడు. వయసు యాభై ఆరు. చిత్రమేమిటంటే, ఊరూరా తిరిగిన ఫాక్స్ జ్ఞాపకార్థం ఆయన చదివిన రగ్బీ పాఠశాల వారు చందాలు వేసి నిలిపినది బందరు బడిలో ఒక ఉపాధ్యాయుని పదవి. ఆ పదవిలో వచ్చిన జాన్ షార్ప్ దొరగారే నోబుల్ తరువాత బడి బాధ్యత అందుకున్నాడు.