ముత్తులక్ష్మీ రెడ్డి: ఒక బిల్లు వెనుక జీవితం

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘ కార్యదర్శి అడిగారు. శాసనసభ సచివాలయంలో బిల్లుల విభాగంలో ఉద్యోగమంతా గడిపినవాణ్ణి. నాకు వెంటనే గుర్తొచ్చిన పేరు డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి. పౌరశాస్త్రంలో మనమంతా మూడు పఠనాలు, సెలెక్ట్ కమిటీ, గవర్నరు ఆమోదం అని వరుసగా బట్టీ పట్టాం. ఆ మెట్ల మధ్య ఎన్నేళ్లు గడిచిపోతాయో పుస్తకంలో లేదు. అది ఆమె జీవితంలో ఉంది.

ఆమె 1886లో పుదుక్కోట సంస్థానంలో పుట్టారు. తండ్రి నారాయణస్వామి అయ్యర్ కళాశాల ప్రిన్సిపాలు. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబంలో పుట్టినావిడ. మగపిల్లల కళాశాలలో రాజావారి అనుమతితో చదివి, 1912లో మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టరు పట్టా అందుకున్నారు. 1914లో డాక్టర్ సుందరరెడ్డి గారిని వివాహమాడారు.

1927లో మద్రాసు శాసన మండలిలో నామినేటెడ్ సభ్యురాలిగా అడుగుపెట్టారు. బ్రిటిష్ ఇండియాలో శాసనసభ్యురాలైన తొలి మహిళ ఆమే. సభ ఆమెను ఏకగ్రీవంగా ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకుంది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ సభ కిందే ఉండేవి.

ఆడపిల్లలను గుళ్లకు అంకితం చేసే ఆచారాన్ని ఆపాలని ఆ ఏడాదే ఆమె తీర్మానం పెట్టారు. సభ ఆమోదించింది. కానీ తీర్మానం ప్రభుత్వానికి సిఫారసు మాత్రమే, చట్టం కాదు. వ్యతిరేకత కూడా తక్కువేమీ కాదు. సభలో సత్యమూర్తి వంటి దిట్ట కాంగ్రెసు నాయకులే అడ్డుపడ్డారు. బయట దేవదాసీలు సంఘం కట్టి, తమ కళ, ఆస్తి, గౌరవం పోతాయని ప్రభుత్వానికి మహజర్లు పంపారు. వారిలో ముందు నిలిచినవారు బెంగుళూరు నాగరత్నమ్మ. వారి భయం ఉత్తదని నేను అనలేను. గుడి సేవకు ప్రతిఫలంగా వారికి ఇనాం భూములు ఉండేవి. సేవ మానితే భూమి పోతుంది.

ముత్తులక్ష్మి గారు ఈ ముడినే ముందు విప్పారు. దేవాదాయ చట్టానికి సవరణ బిల్లు తెచ్చి, 1929లో నెగ్గించారు. దానితో సేవ షరతు తొలగి, భూమి ఆ స్త్రీలకే మిగిలే దారి ఏర్పడింది. నా ఉద్యోగంలో ఎన్నో సవరణలు చూశాను. నిషేధం కంటే ముందు కూటికి దారి చూపిన సవరణ అందులో అరుదు.

ఆ తరువాత 1930లో అంకితాన్నే నిషేధించే బిల్లు ప్రవేశపెట్టారు. అది ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లింది. ఇంతలో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది, గాంధీజీని అరెస్టు చేశారు. నిరసనగా ఆమె సభ్యత్వానికి రాజీనామా చేశారు. పదవి వదులుకోవడమంటే ఆ బిల్లును మధ్యలో వదలడమే. ఆ సంగతి ఆమెకు తెలియనిది కాదు. బిల్లు ఆగిపోయింది.

ఆమె మాత్రం ఆగలేదు. దిక్కులేని బాలికలకు అవ్వై హోమ్ స్థాపించారు. తన చెల్లెలిని క్యాన్సర్ బలి తీసుకున్నది మరువక, 1954లో అడయారులో క్యాన్సర్ ఆసుపత్రి నెలకొల్పారు. రాజీనామా చేసిన పదిహేడేళ్లకు, 1947లో, మరో సభ ఆ నిషేధాన్ని మద్రాసు 31వ చట్టంగా చేసింది. ఆమె 1968లో కన్నుమూశారు.

అక్కడితో కథ ముగియలేదు. జోగిని, బసివి పేర్లతో ఆచారం మిగిలే ఉన్నందున ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1988లో మరో చట్టం చేయవలసి వచ్చింది.

మన బడి పిల్లల్లో రేపు ఎవరైనా సభలో కూర్చోవచ్చు. బిల్లు ఓడినా, మురిగిపోయినా ఆ పని వృథా కాదని వారికి చెప్పండి. ఎవరి కోసం చట్టం చేస్తున్నామో వారి అభ్యంతరం ముందు వినాలనీ, వారి తిండి సంగతి ముందు చూడాలనీ కూడా చెప్పండి.