పక్షులను చూపించిన సలీం అలీ సాహెబు

డాక్టర్ సలీం అలీ గారి పేరు మన కుటుంబాల్లోని పెద్దలు విని ఉంటారు. పిల్లలు పాఠాల్లో చదివి ఉంటారు. వారికి వచ్చిన బిరుదుల పట్టిక ఇక్కడ వ్రాయాలని మేము అనుకోలేదు. విశ్వవిద్యాలయ పట్టా లేని ఒక మనిషి పదిమందికి పిట్టలను చూపిస్తూ, చూపిస్తూనే వాటికి నిలువ నీడ ఎట్లా సంపాదించి పెట్టినారో అది చెప్పాలని మాత్రమే మా కోరిక.

ఆయన 1896 నవంబరు 12న బొంబాయిలో ఒక సులేమానీ బోహ్రా కుటుంబంలో పుట్టినారు. ఏడాది పిల్లవాడుగా ఉండగా తండ్రి, మూడేళ్ళకు తల్లి పోయారు. మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ గారు, ఆయన భార్య హమీదా బేగం ఈ తల్లిదండ్రులు లేని పిల్లలను ఖేత్‌వాడీలోని తమ ఇంట పెంచినారు. మామగారు వేటంటే ఇష్టమున్నవారు. మేనల్లుడి చేతికీ ఒక చిన్న గాలితుపాకి వచ్చింది. ఒకనాడు ఆ తుపాకికి ఒక పిచ్చుక పడింది. చూస్తే దాని గొంతు మీద పసుపు మచ్చ! ఇది మామూలు పిచ్చుకేనా, ముస్లిం ఇంట తినదగినదేనా అని అబ్బాయికి సందేహం. మామకు చూపిస్తే ఆయనకూ అంతు చిక్కక, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లర్డ్ దొర వద్దకు పంపినారు. ఆ దొర విసుక్కోలేదు. పిట్ట జాతి చెప్పి, సొసైటీలో దాచిన పక్షుల నమూనాలన్నీ అరలు తెరిచి చూపించినాడు. ఆ చూపించడమే ఈ కుర్రవాడి బ్రతుకును మలుపు తిప్పిందంటే అతిశయోక్తి కాదు.

తరువాత చదువు సరిగా సాగలేదు. బర్మాలో కుటుంబ గనుల వ్యాపారం చూడబోయి, అక్కడా అడవుల్లో పిట్టల వెంటే తిరిగి వచ్చారు. 1918లో తెహ్‌మీనా బేగంతో వివాహమైంది. ప్రభుత్వ జంతుశాస్త్ర శాఖలో పక్షి శాస్త్రజ్ఞుని ఉద్యోగం కోరితే, పట్టా లేదని ఇవ్వలేదు. చివరకు 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో, కొత్తగా తెరిచిన ప్రకృతి విభాగంలో, వచ్చినవారికి తిప్పి చూపించి వివరించే గైడ్ లెక్చరర్ పని దొరికింది. జీతం నెలకు 350 రూపాయలు. పెద్ద శాస్త్రజ్ఞులుగా పేరు పొందినవారి మొదటి కొలువు ఇదన్నమాట! రెండేళ్ళకు సెలవు పెట్టి బెర్లిన్ వెళ్ళి ప్రొఫెసర్ స్ట్రెస్‌మన్ వద్ద శాస్త్రం నేర్చుకున్నారు. 1930లో తిరిగి వచ్చేసరికి డబ్బు లేదని ఆ ఉద్యోగమే ఎత్తివేసినారు.

చేతిలో పనిలేదు. భార్యాభర్తలు సముద్రతీరాన కిహీం గ్రామానికి పోయి ఉన్నారు. ఇంటి దగ్గర గిజిగాళ్ళు గూళ్ళు కడుతుండేవి. మగపిట్ట గూడు సగం అల్లి ఆడదాన్ని పిలుస్తుంది. ఆమె వచ్చి పరీక్ష చేసి, నచ్చితేనే ఉంటుంది. ఆ గూడు పూర్తి కాగానే మగడు మరొక ఇల్లు మొదలుపెట్టి మరొక ఆమెను పిలుస్తాడు. ఎవరూ సరిగా చూడని ఈ కాపురం గుట్టు నిరుద్యోగి అయిన సలీం అలీ చూసి ప్రకటించినారు.

మన ప్రాంతానికి వారితో ఉన్న బంధం అప్పుడే మొదలైంది. సంస్థానాలలో పక్షుల సర్వే చేస్తాను, నాకు జీతం వద్దు, డేరాలకూ ప్రయాణాలకూ అయ్యే ఖర్చు ఇస్తే చాలు అని ఆయన ముందుకు రాగా, నిజాం ప్రభుత్వం ఒప్పుకొన్నది. 1931లో హైదరాబాదు సంస్థానం పక్షుల సర్వే జరిగింది. ఇంగ్లండులో చదువుకున్న తెహ్‌మీనా బేగం కూడా అడవి మకాముల్లో ఆయన వెంట ఉండేవారు. 1939లో ఒక చిన్న ఆపరేషన్ తరువాత ఆమె కన్నుమూశారు. రెండేళ్ళకు, 1941లో, బొమ్మలతో సామాన్యులు కూడా పిట్టను గుర్తుపట్టగలిగేట్టు ఆయన వ్రాసిన భారతీయ పక్షుల పుస్తకం వెలువడింది.

ఇక భరత్‌పూర్ సంగతి. అది రాజావారి బాతుల వేట చెరువు. 1938 నవంబరు 12న, అంటే సరిగ్గా ఆయనకు 42 ఏళ్ళు నిండిన రోజున, వైస్రాయ్ విందు వేటలో ఒక్కనాడే 4,273 పక్షులు కూలినట్లు అక్కడి రాతిపలక మీద ఉన్నది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ నీటిని తీసివేసి సాగుకు ఇవ్వాలని ఒత్తిడి వచ్చింది. సలీం అలీ గారు నెహ్రూ గారిదాకా వెళ్ళి ఆపించినారు. 1956లో అది పక్షుల సంరక్షణ కేంద్రమైంది. అక్కడ వలస పక్షుల కాళ్ళకు ఉంగరాలు తొడిగి వదిలే పనికి, బీహారు నుండి తరతరాలుగా పిట్టలు పట్టే మీర్‌షికార్లను పిలిపించుకొన్నారు. రెక్క విరగకుండా పట్టడం వారికి తెలిసినట్లు పట్టా ఉన్నవారికి తెలియదు కదా! తరువాతి కాలంలో అక్కడి సైకిల్ రిక్షా తొక్కేవారే తర్ఫీదు పొంది, యాత్రికులకు పక్షుల పేర్లు చెప్పి చూపే గైడ్లయినారు. ఈ వరుస మాకు ముచ్చటగా తోస్తుంది.

అయితే అంతా మంచే జరిగిందనడం న్యాయం కాదు. 1982లో అక్కడ పశువుల మేత నిషేధించినారు. ఆ నిషేధం కావాలన్నవారిలో ఈయనా ఉన్నారు. గ్రామస్తులు ఎదురు తిరిగితే పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. తరువాత వారి సొసైటీ చేసిన పరిశీలనలోనే, గేదెలు మేయకపోవడంతో గడ్డి పెరిగి నీటిని కప్పివేసి పక్షులకే చెరుపు చేస్తున్నదని తేలింది. తమకు ఇష్టం లేని ఆ ఫలితాన్ని సొసైటీవారు దాచిపెట్టలేదు.

1900 తరువాత ఎవరి కంటా పడని కలివికోడి, 1986 జనవరిలో మన కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర, ఆ ప్రాంతపు వేటగాడొకరు రాత్రివేళ పట్టి ఇవ్వడంతో మళ్ళీ లోకానికి తెలిసింది. వెదికినది సలీం అలీ గారి సొసైటీయే. అప్పటికి ఆయనకు 89 ఏళ్ళు. 1987 జూన్ 20న ఆయన పోయారు. మరుసటి ఏడు కలివికోడి ఉన్న లంకమల అడవులను అభయారణ్యంగా ప్రకటించారు. ఆ పిట్ట కోసం తెలుగుగంగ కాలువ దారిని సైతం మార్చవలసి వచ్చింది.