నడకను నమ్ముకున్న మహాత్ముడు

పెన్షనరు మిత్రులు ఇద్దరు కలిస్తే మొదట వచ్చేది డి.ఏ. ప్రస్తావన, తరువాత వచ్చేది మోకాళ్ల ప్రస్తావన. గుమ్మఘట్ట వంటి మెట్టసీమలో రైతు చేను వెంట నడిచి నడిచి అలసిపోతాడు. మనమో, అడంగళ్లు, పే బిల్లులు, హాజరు పట్టీలు ముందేసుకుని ముప్పయ్యేళ్లు కూర్చొని కూర్చొని అలసిపోయాము. మెడ పట్టేయడం, నడుము నొప్పి, బి.పి., షుగరు, ఇవన్నీ పెన్షనుతోపాటు మనకు దక్కిన రాబడులు. ఇప్పుడు మన పిల్లలు, మనవలు కంప్యూటర్ల ముందు అదే పని మనకంటే ఎక్కువ గంటలు చేస్తున్నారు.

ఈ సందర్భంలో మహాత్మా గాంధీ జీవితాన్ని ఒక కొత్త వైపు నుంచి తలచుకోవడం మంచిది. ఆయనను మనం సత్యాగ్రహిగా ఎరుగుదుము. కాని ఆయన కూడా కాగితాల మధ్య బతికిన మనిషే అన్న సంగతి మరచిపోతాము. ఆయన బారిస్టరు, పత్రికా సంపాదకుడు, రోజూ కట్టలకొద్దీ ఉత్తరాలకు జవాబు రాసినవాడు. ఆయన రచనలు, ఉత్తరాలు, ఉపన్యాసాలు కలిపి భారత ప్రభుత్వం అచ్చువేస్తే దాదాపు 100 సంపుటాలయ్యాయి. ఇంత వ్రాతపని చేసిన శరీరాన్ని ఆయన ఎలా కాపాడుకున్నారన్నదే మనకు కావలసిన పాఠం.

గాంధీజీ 1869 అక్టోబరు 2న పోర్‌బందరులో జన్మించారు. రాజకోటలో చదివేటప్పుడు ఆయనకు కసరత్తు, క్రికెట్ అంటే ఇష్టం ఉండేది కాదు. సిగ్గు ఒక కారణం, బడి వదలగానే జబ్బుపడిన తండ్రికి సేవ చేయాలన్న ఆరాటం మరొక కారణం. ఒక శనివారం మబ్బు పట్టి వేళ తెలియక కసరత్తుకు ఆలస్యంగా వెళ్లారు. ప్రధానోపాధ్యాయుడు ఆయన మాట నమ్మక జరిమానా వేశారు. జరిమానా అణా రెండణాలే. కాని అబద్ధమాడాడన్న నింద ఆ పిల్లవాడిని ఎంతో బాధించింది. కసరత్తుకు చదువుతో సంబంధం లేదనుకోవడం తన తప్పేనని పెద్దయ్యాక ఆయన ఒప్పుకున్నారు. అయితే ఆరుబయట నడిస్తే మంచిదని ఏదో పుస్తకంలో చదివి, చిన్ననాడే నడక అలవాటు చేసుకున్నారు. జీవితాంతం ఆయన వెంట నిలిచిన వ్యాయామం అదొక్కటే.

1888లో న్యాయశాస్త్రం చదవడానికి లండను వెళ్లారు. డబ్బు ఆదా చేయాలని, పనులకు నడిచి వెళ్లగలిగిన దూరంలో గది తీసుకున్నారు. బండి కిరాయి మిగిలింది, రోజుకు ఎనిమిది, పది మైళ్ల నడకా కుదిరింది. అక్కడ ఉన్నంతకాలం పెద్దగా జబ్బుపడకపోవడానికి ఆ నడకే కారణమని ఆయన నమ్మకం. వ్యాయామానికని వేరే సమయం కేటాయించలేదు. చేయవలసిన పనిలోనే దాన్ని కలిపేశారు. ఆయన పద్ధతి అంతా ఇందులోనే ఉంది.

1893లో దక్షిణాఫ్రికా చేరారు. జొహానెస్‌బర్గులో వకీలు పని బాగా పెరిగింది. కూర్చొని పనిచేసేవారికి వచ్చే బాధలే ఆయనకూ వచ్చాయి. మలబద్ధకం, తరచు తలనొప్పి పట్టుకున్నాయి. ఉదయం ఫలహారం మానితే తలనొప్పి పోయింది. అంటే తాను అవసరానికి మించి తింటున్నానని గ్రహించారు. ఇంట్లో ఇనుప తిరగలి ఒకటి కొని, మిత్రుడు పోలక్, పిల్లలతో కలిసి తామే గోధుమలు విసురుకున్నారు. రొట్టెకు పిండి వచ్చింది, పిల్లలకు కసరత్తు అయింది.

1909లో లండను నుంచి ఓడలో తిరిగి వస్తూ హింద్ స్వరాజ్ రాశారు. ఏకధాటిగా రాయడంతో కుడిచేయి నొప్పిపెట్టింది. ఆయన కలాన్ని ఎడమచేతికి మార్చి దాదాపు 40 పుటలు ఆ చేత్తోనే రాశారు. మనం అలా రాయలేకపోవచ్చు. కాని నొప్పిపుట్టిన అవయవాన్ని అదే పనికి మళ్లీ మళ్లీ లాగకూడదన్న సూత్రం ప్రతి గుమాస్తాకూ పనికివస్తుంది.

మరుసటి ఏడు జొహానెస్‌బర్గుకు 21 మైళ్ల దూరంలో టాల్‌స్టాయ్ ఆశ్రమం వెలిసింది. సొంత పనిమీద పట్నం వెళ్లేవారు నడిచే వెళ్లాలని అక్కడ నియమం. తెల్లవారుజామున రెండు గంటలకే లేచి బయలుదేరేవారు.

ఇంతటి నడకరి కూడా ఒకసారి కూలిపోయారు. 1918లో ఖేడా జిల్లాలో రోజుకు సుమారు 20 మైళ్లు తిరుగుతూ, చాలీచాలని ఆహారం తీసుకుంటూ శరీరాన్ని హద్దు మీరి వాడారు. జిగట విరేచనాలు పట్టుకున్నాయి. మందు వద్దని పట్టుబట్టారు. చావు దగ్గరకు వచ్చిందని తామే అనుకున్నారు. చివరకు కస్తూరిబా చెప్పగా మేకపాలు పుచ్చుకుని కోలుకున్నారు. ఆ తరువాత 1924 జనవరిలో అపెండిసైటిస్ వచ్చినప్పుడు, ప్రకృతి చికిత్సను నమ్మిన ఆ మనిషే పుణె సాసూన్ ఆసుపత్రిలో ఆపరేషనుకు ఒప్పుకున్నారు. కాబట్టి ఆయన చేసినదంతా మనం చేయనక్కరలేదు. మితం తప్పితే మహాత్ముడికైనా శిక్ష తప్పలేదు. నడక మంచిదే, దానితోపాటు వైద్యుడూ కావాలి.

1929లో ఖద్దరు ప్రచారానికి ఆంధ్రదేశమంతా పర్యటించారు. సరిగ్గా మరుసటి ఏడు, 1930 మార్చి 12న సబర్మతి నుంచి దండికి బయలుదేరారు. 24 రోజుల్లో సుమారు 240 మైళ్లు నడిచారు. అప్పటికి ఆయన వయస్సు అరవై నిండి అయిదు నెలలు. మనలో చాలామంది ఉద్యోగ విరమణ సన్మానంలో శాలువా కప్పించుకుని కుర్చీలో కూర్చున్న ఈడది.

1936 నుంచి నివసించిన సేవాగ్రామంలో ఉదయం, సాయంత్రం నడక తప్పేది కాదు. రక్తపోటు ఎక్కువగా ఉన్న రోజులవి. అయినా కలవడానికి వచ్చినవారితో నడుస్తూనే మాట్లాడేవారు. వారానికి ఒకరోజు, సోమవారం, మౌనం పాటించి మనసుకు సెలవిచ్చేవారు. 1942లో ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉంటూ ఆరోగ్యంపై చిన్న పుస్తకం రాశారు. 77 ఏళ్ల వయస్సులో నౌఖాలీ పల్లెల్లో శాంతికోసం చెప్పులు లేకుండా ఊరూరా నడిచారు. 1948 జనవరి 30న ఆయన ప్రాణం పోయింది కూడా ప్రార్థనకు నడిచి వెళుతుండగానే.

ఆయన నమ్మకాన్ని శాస్త్రమూ తరువాత బలపరచింది. 1953లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు లండను బస్సు ఉద్యోగులను పరిశీలించారు. కూర్చొని నడిపే డ్రైవర్లకంటే, మేడబస్సు మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని తేలింది. ఉత్తరాలు పంచే పోస్టుమ్యాన్లు, బల్ల ముందు కూర్చునే గుమాస్తాల మధ్య కూడా ఇదే తేడా కనిపించింది. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు నడిస్తే సరిపోతుంది.

మన ఊళ్లో ఎండ సంగతి తెలిసినదే. పొద్దు ఎక్కకముందే, లేదా పొద్దు వాలాక నడుద్దాము. ఒంటరిగా కాక ఇద్దరు ముగ్గురు కలిసి వెళితే కబుర్లూ అవుతాయి, కాలు జారితే ఆసరా కూడా. బయటకు రాలేనివారు కుర్చీలోనే మడమలు ఎత్తి దించడం, మణికట్లు, భుజాలు మెల్లగా తిప్పడం, మెడను నిదానంగా అటూ ఇటూ తిప్పడం చేయవచ్చు. చేతుల ఆసరా వీలైనంత తగ్గించి కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చుంటే తొడలకు బలం. ఛాతీలో నొప్పి, ఆయాసం, తల తిరగడం ఉన్నవారు ముందుగా డాక్టరుకు చూపించుకోవాలి.

ఉద్యోగంలో ఉన్న కొడుకులకు, కోడళ్లకు, కూతుళ్లకు, అల్లుళ్లకు మనం చెప్పవలసిన మాట ఒకటుంది. అరగంటకోసారి కుర్చీలోంచి లేవండి, ఫోను వస్తే నిలబడి మాట్లాడండి, దగ్గరి పనికి బండి తీయకండి. మనం సర్వీసులో ఉండగా ఈ మాట చెప్పినవారు లేకపోయారు. కనీసం వారికైనా మనం చెబుదాము. చెప్పే ముందు రేపు ఉదయం మనం నాలుగడుగులు వేసి చూపిద్దాము.