విలియం మల్‌హాలండు చరిత్రము

పుస్తకములు చదివినందువలన కలుగు ప్రయోజనమేమని యడుగువారు నేటికిని కలరు. పగలెల్ల కాయకష్టము చేసి, రాత్రులందు పుస్తకములు చదివి, ఒక మహానగరమునకు నీరు తెచ్చిన ఐర్లండు దేశీయుని చరిత్రము వారికి తగిన సమాధానము. ఆ చరిత్రము చివర నొక ఘోర విపత్తును కలదు. దానిని దాచి వ్రాసినచో పాఠకులకు సగము ఫలమే దక్కును.

మల్‌హాలండు 1855 సెప్టెంబరు 11వ తేదీన బెల్ఫాస్టు నగరమున జన్మించెను. తండ్రి తపాలాశాఖలో చిన్న ఉద్యోగి. బాల్యము డబ్లిను నగరమున గడచెను. చిన్ననాడే తల్లి గతించెను. సుమారు పదునైదవ యేట ఇల్లు విడిచి ఓడపనిలో చేరి, 1874లో న్యూయార్కున దిగెను. కొంతకాలము అడవులలో కలప కొట్టెను. కొంతకాలము బంధువుల బట్టల కొట్టున పనిచేసెను. 1877లో కాలిఫోర్నియాలోని లాస్ ఏంజలీసు చేరెను. అప్పుడా యూరి జనసంఖ్య సుమారు తొమ్మిది వేలు మాత్రమే.

ఆ యూరికి ఏటినీరు మట్టికాలువల ద్వారా వచ్చుచుండెను. 1878లో మల్‌హాలండు నీటి కంపెనీలో కాలువ కావలివాడుగా కుదిరెను. పూడిక తీయుట, గడ్డి కోయుట, చెత్త తొలగించుట అతని విధులు. మన గ్రామములందు పూర్వము నీరుగంటి చేసిన పని వంటిదే ఇది. ఒకనాడు కంపెనీ పెద్ద అటు వచ్చి, ఏమి చేయుచున్నావని యడుగగా, అతడెవరో యెరుగని మల్‌హాలండు తల యెత్తక, అది నీ కక్కరలేదని కసరెనట. పిదప సంగతి తెలిసి, జీతము లెక్క తీర్చుకొని పోవుటకై కచేరికి వెళ్లగా, కంపెనీ పెద్ద అతనిని పనివారిపై మేస్త్రీగా నియమించెనని చెప్పుకొందురు.

రాత్రులందు గణితము, జలశాస్త్రము, భూగర్భశాస్త్రము తనంతట తానే అభ్యసించి, 1886 నాటికి కంపెనీకి ముఖ్యాధికారి యయ్యెను. 1902లో నగరపాలకులు ఆ కంపెనీని కొనునప్పుడు, నేలలోని గొట్టములకు సరియైన లెక్కపత్రములు లేకపోయెను. ఏ వీథిలో ఎంత పొడవున, ఎంత లావు గొట్టము కలదో మల్‌హాలండు నోటనే చెప్పెను. అక్కడక్కడ త్రవ్వించి చూడగా అతని లెక్క సరిపోయెను.

1900 నాటికి జనసంఖ్య లక్ష దాటగా ఏటినీరు చాలదను భయము కలిగెను. 1904లో పూర్వ నగరాధ్యక్షుడగు ఫ్రెడ్ ఈటన్ అతనిని సియెర్రా నెవాడా మంచుకొండల చెంతనున్న ఓవెన్స్ లోయకు కొనిపోయి అచటి నదిని చూపెను. 1907లో రెండుకోట్ల ముప్పది లక్షల డాలర్ల ఋణమునకు పౌరులు సమ్మతించిరి. 1908 మొదలు 1913 వరకు వేలకొలది పనివారు ఎడారులు దాటి, కొండలు తొలిచి, 233 మైళ్ల కాలువను నిర్మించిరి. దారిపొడవున ఎచటను నీటిని పైకి తోడు యంత్రము లేదు. పల్లమెరిగి నీరే నడచును. 1913 నవంబరు 5వ తేదీన వేలాది ప్రజల యెదుట ఆ నీరు వచ్చి చేరెను.

అయితే నగరము దాహము తీర్చిన నీరే ఓవెన్స్ లోయ రైతుల పొలములను ఎండబెట్టెను. నగరము వారి భూములను, నీటిహక్కులను కొనుచు పోయెను. ఓవెన్స్ సరస్సు ఇంకిపోయెను. కడుపుమండిన రైతులు 1924లోను, 1927లోను కాలువను మందుగుండుతో పేల్చిరి.

అటుపిమ్మట వచ్చిన విపత్తు మరింత ఘోరమైనది. నీరు నిలువ చేయుటకై మల్‌హాలండు 1926 నాటికి సెయింట్ ఫ్రాన్సిస్ ఆనకట్టను కట్టించెను. నగరములు కట్టు ఆనకట్టలను రాష్ట్రపు ఇంజనీర్లు తనిఖీ చేయవలయునను నిర్బంధము ఆనాటి చట్టమున లేదు. 1928 మార్చి 12వ తేదీన బురదనీరు కారుచున్నదని కావలివాడు తెలుపగా, మల్‌హాలండు స్వయముగా వచ్చి చూచి, భయము లేదనెను. ఆ నడిరేయి ఆనకట్ట తెగెను. వరద ఏబది మైళ్లకు పైగా పరుగెత్తి సముద్రమున కలిసెను. నాలుగువందలకు పైగా ప్రాణములు పోయెను.

విచారణలో ఆ వృద్ధుడు ఎవరిమీదను నేరము మోపక, తప్పున్నచో అది తనదేనని యొప్పుకొనెను. చనిపోయినవారిని చూచి అసూయపడుచున్నాననెను. విచారణసంఘము అతనిపై నేరము నిలుపలేదు గాని, ఇంతటి నిర్మాణమును ఒక్కని విచక్షణకు విడువరాదని తేల్చెను. 1929లో కాలిఫోర్నియా ప్రభుత్వము ఆనకట్టల తనిఖీకి శాసనము చేసెను.

భగీరథుడు గంగను కోరినంతనే ఊరకుండలేదు. దిగివచ్చు వేగము నెవ్వడు భరించునని విచారించి, శివుని ప్రార్థించెను. మన గ్రామలెక్కలకు పూర్వము జమాబందీ యుండెడిది. కరణము ఎంత నిపుణుడైనను, పైయధికారి చూచి సంతకము చేసినగాని లెక్క ముగిసెడిది కాదు. ఆ తనిఖీ గ్రామమునకే గాక కరణమునకును రక్షగా నుండెను. గొట్టముల లెక్క నోట చెప్పిననాడు నగరము త్రవ్వించి చూచెను. ఆనకట్టనాడు అట్లు చూచినవారు లేరు.

మల్‌హాలండు 1928 చివర ఉద్యోగము విడిచి, 1935 జూలై 22వ తేదీన మరణించెను. తొమ్మిదివేల జనముతో అతడు చూచిన యూరు 1930 నాటికే పన్నెండు లక్షలు దాటెను. గురువు లేకయే ఎంతవరకు ఎదుగవచ్చునో అతని యౌవనము చెప్పును. ఎంత యెదిగినవానికిని మరియొకరి చూపు అవసరమని అతని వార్ధక్యము చెప్పును. మన గ్రంథాలయమున చదువుకొను యువకులు ఈ రెంటిని గ్రహింతురు గాక.